తార్నాకలో మాకో పడవ ఉండేది

తార్నాక చౌరస్తా నుంచి విద్యానగర్ వైపు నడిచే దారిలో, పగిలిన ఫైబర్ నీళ్ల ట్యాంకులకు మాట్లు వేసే చిన్న కొట్టు ఒకటుంది. మొన్న సాయంత్రం కూరగాయల సంచీతో దాని ముందు నుంచి వస్తుంటే లోపల ఒకాయన డబ్బాలో చిక్కటి జిగురేదో కలుపుతున్నాడు. ఘాటుగా, కాస్త తీయగా, కళ్లలో నీళ్లు తెప్పించే వాసన. నాతోపాటు నడుస్తున్నవాళ్లు కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం సంచీ కింద పెట్టి మరీ ఆ గాలిని రెండుసార్లు నిండా పీల్చుకున్నాను. కొట్టాయన నా వైపు అనుమానంగా చూశాడు. ఇది మా పడవ వాసన బాబూ అంటే నమ్ముతాడా? సముద్రం వందల మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లో, అందులోనూ తార్నాకలో, పడవేమిటమ్మా అని నవ్విపోతాడు. నవ్వితే నవ్వనీండి. మాకు పడవ ఉండేది.

అప్పట్లో మేం యూనివర్సిటీ క్యాంపస్ లోపల, తార్నాక వైపు గేటుకు దగ్గరగా, పెంకుల కప్పున్న పాత క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఒకే గోడకు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. ఇటు మేము, అటు యాదగిరి మామ, బాలమణి అత్త. మా నాన్న కోనసీమ నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, ఆఫీసులో ఫైళ్లు రాసే సీనియర్ అసిస్టెంటు. యాదగిరి మామ భువనగిరి దగ్గర సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, జంతుశాస్త్ర విభాగంలో ల్యాబ్ అటెండరుగా కుదురుకున్నాడు. వాళ్లకు పిల్లల్లేరు, మా ఇంట్లో నేనొక్కదాన్నే, అందుకని రెండిళ్లవాళ్లూ నన్ను వాటాలు వేసుకుని పెంచారు. అమ్మ కలిపిన ముద్దపప్పు, ఆవకాయ తిన్న నోటితోనే గోడ చుట్టూ తిరిగి వెళ్లి, అత్త గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి అంచులు పటపటా విరుచుకు తినేదాన్ని. వేసవిలో మా వాకిట్లో మామిడి ముక్కలు ఆరేవి, వాళ్ల వాకిట్లో మిరపకాయలు ఆరేవి, నేను రెంటికీ కాపలా కూర్చుని మొదటివాటిని సగం ఖాళీ చేసేదాన్ని. వానలు మొదలయ్యాక పెంకుల మీంచి ధారలు కారుతుంటే అరుగు మీద అత్త మక్క గారెలు వేసేది, ఆ నూనె వాసనకు వీధి చివర క్వార్టర్ల పిల్లలు కూడా ఏదో పనున్నట్టు వచ్చి నిలబడేవాళ్లు.

మా నాన్నకు మామూలుగా మాటలు తక్కువ. గోదావరి ఊసెత్తితే మాత్రం ఆయన్ని ఆపడం అమ్మ తరం కూడా అయ్యేది కాదు. వరదలో కొట్టుకొచ్చే చెట్లు, చెట్లమీద పాములు, పంటు మీద బస్సునెక్కించి ఏరు దాటించడం, తెరచాప ఎత్తిన పడవ గాలికి వాలిపోతుంటే సరంగు కేకలు, ఇవన్నీ ఆయన అరుగు మీద కూర్చుని చేతులు తిప్పుతూ చెబుతుంటే మాకు కాళ్లకింద నీళ్లు కదిలేవి. మేం గోదాట్లో పుట్టి గోదాట్లో పెరిగినవాళ్లం కదటోయ్ అనేవాడు చివరికి. యాదగిరి మామ కింది మెట్టు మీద కూర్చుని సీతాఫలం గింజలు ఊసుకుంటూ నోరు తెరుచుకుని వినేవాడు. నీకు నీళ్ల సంగతులేం లేవా మామా అని నేనడిగితే, మాకు బాయి నీళ్లే బిడ్డా అని ఊరుకునేవాడు. ఆ బావిలో ఆయన ఏం చేసేవాడో మేమెవరం అడగలేదు. గోదావరి ముందు బావి ఏపాటిదిలే అని మా అభిప్రాయం.

ఇలా ఉండగా ఒక వేసవి మొదట్లో జంతుశాస్త్ర విభాగంవాళ్లు స్టోరు గది ఖాళీ చేస్తూ ఒక పాత ఫైబర్ పడవను బయట పడేశారు. ఎప్పుడో చెరువుల్లో నీటిపురుగులు పట్టడానికి కొన్నదట. శనివారంలోగా ఎవరు మోసుకుపోతే వాళ్లదేనని పెద్దసారు అన్నాడని యాదగిరి మామ పరుగున వచ్చి చెప్పాడు. నాన్న కాఫీ తాగుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఆయన మొహం ఎర్రబడింది, అది సంతోషమని నేననుకున్నాను.

“సారూ, మీరు గోదారోల్లు. పడవ సంగతి మీకెరుకైనంత గీడ ఎవలికెరుక? మీరు ఊఁ అంటే తెస్త” అన్నాడు మామ.

అమ్మ చూస్తోంది, అత్త చూస్తోంది, నేను చూస్తున్నాను, కరివేపాకు అమ్మడానికొచ్చిన ముసలమ్మ కూడా గంప దించుకుని చూస్తోంది. ఇంతమంది మధ్య నాన్న ఇంకేమంటాడు, ఊఁ అన్నాడు.

తోపుడు బండి మీద పడవను ఎక్కించి క్యాంపస్ రోడ్డు వెంట తీసుకొచ్చిన ఆ సాయంత్రం మాకు ఉత్సవమే. హాస్టలు పిల్లలు సైకిళ్లాపి, ఏ సముద్రానికి అంకుల్ అని అడిగారు. నాన్న వాళ్లకు జవాబివ్వకుండా, తెడ్డు భుజాన వేసుకుని బండి ముందు హుందాగా నడిచాడు. రెండిళ్ల మధ్య గుల్‌మొహర్ చెట్టు కింద ఇటుకల మీద దాన్ని బోర్లించాం. మర్నాటికి అత్త కోడి దానికింద గుడ్లు పెట్టింది.

ఇక అక్కణ్నుంచి మొదలైంది నాన్న భద్రతా కార్యక్రమం. ఆఫీసు నుంచి తెచ్చిన పెద్ద కాగితాల మీద, విషయం, సూచిక అన్నీ పెట్టి, ‘పడవ ప్రయాణ భద్రత గురించి’ నిబంధనలు రాశాడు. ఈత రానివారు ఆ విషయం ముందుగా తెలియజేయవలెను అన్నది ఒకటో నిబంధన. పడవలో ఎవరూ నిలబడరాదు, నడిమధ్యన కిందికి కూర్చొనవలెను. లైఫ్ జాకెట్టు లేనిదే కాలు పెట్టరాదు. ఎక్కడికి పోతున్నదీ ఎప్పుడు వచ్చునదీ ఒడ్డున ఒకరికి చెప్పవలెను. నీరు తోడిపోయు డబ్బా, మోకు, రెండో తెడ్డు ఉండవలెను. ఆపద వచ్చినచో మూడేసిసార్లు ఈల ఊదవలెను. ఇలా పద్నాలుగు. కార్బన్ పెట్టి నాలుగు ప్రతులు తీసి, ఒకటి యాదగిరి మామకు, ఒకటి అత్తకు, ఒకటి అమ్మకు ఇచ్చి, నాలుగోది ఫైలు చేశాడు. అమ్మ తన ప్రతిని ఊరగాయ జాడీకి వాసెన కట్టింది.

మొదట అందరి బరువులూ తెలియాలన్నాడు. పడవ అడుగున ఎంత బరువు మోయగలదో ఇంగ్లీషులో రాసి ఉంది, అంతకు చిటికెడు కూడా మించకూడదట. తార్నాకలో పాత పేపర్ల కొట్టులో పెద్ద కాటా ఉంటే ఒక ఆదివారం అందర్నీ అక్కడికి నడిపించాడు. అమ్మ చెప్పులు విప్పి, గాజులు తీసి నా చేతికిచ్చి ఎక్కింది. బాలమణి అత్త మాత్రం కాటా మీద కాలు పెట్టనంది. శనివారం ఒక్కపొద్దు ఉంటా, గప్పుడు తూగుత అంది. శనివారం వచ్చింది, అత్త ఉపవాసమూ ఉంది, సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా కాటా ఎక్కింది. ఆ అంకెను నాన్న కాగితం మీద రాస్తుంటే, ఆ కాగితం ఎవలికన్న సూపిస్తే బాగుండదు సారూ అని నెమ్మదిగా చెప్పింది. దరిమిలా మా ఆడవాళ్లిద్దరూ ఒడ్డునే ఉంటారని, పడవలో నాన్నా, మామా, నేనూ అని తేలింది.

తర్వాత జాకెట్లు. ముషీరాబాద్ అంతా తిరిగినా లైఫ్ జాకెట్టు దొరకలేదు, స్కూటరు ట్యూబులు దొరికాయి. నాన్న ఒప్పుకోలేదు. అప్పుడు యాదగిరి మామ ల్యాబులో పరికరాలు వచ్చిన పెట్టెల్లోంచి థర్మోకోల్ దిమ్మలు తెచ్చాడు, అమ్మ ఎర్ర గులాబీల దుప్పటి చింపి, ముక్కకో అర చొప్పున కుట్టి మూడు జాకెట్లు తయారుచేసింది. నాన్నదానికి వచ్చేసరికి ఎందుకో మరీ లావుగా కుట్టింది. అది తొడుక్కుంటే ఆయన చేతులు కిందికి దిగేవి కావు, ఒంటినిండా గులాబీలతో రెండు చేతులూ ఎడంగా పెట్టుకుని వాకిట్లో నిలబడేవాడు. వదులు చేయవే అంటే, అంతే ఉండాలండీ అని అమ్మ వెళ్లిపోయేది.

ఆదివారాలు కసరత్తు. పడవను వెల్లకిలా తిప్పి, మట్టి మీదే ముగ్గురం ఎక్కి కూర్చుని, గాల్లో తెడ్లు వేసేవాళ్లం. నాన్న ఈల ఊది మనిషి పడ్డాడు అనగానే నేను గులకరాళ్ల మీదికి దొర్లాలి, మామ మోకు విసరాలి, నేను పట్టుకోవాలి. నా మోచేతులు ఆ వేసవంతా మానలేదు. పాలబ్బాయి సైకిలాపి చూసేవాడు. పడవ పగుళ్లకు యాదగిరి మామ ఫైబరు గుడ్డ అంటించి జిగురు రాస్తుంటే ఆ ఘాటు, పక్కనే ఉడుకుతున్న అత్త వంకాయ పులుసులో కలిసి, మాకు ఏది తింటున్నా పడవ తింటున్నట్టే ఉండేది.

వేసవి పోయింది, వానలు పడ్డాయి, క్యాంపస్ వెనక రాళ్ల కుంట నిండింది. వెనకటికి భవనాల కోసం రాయి తవ్విన గుంత అది, మధ్యలో రెండు నిలువుల లోతు. పడవ సిద్ధం, కుంట సిద్ధం. నాన్న మాత్రం సిద్ధం కాలేదు. ఒక వారం ఈల సరిగా మోగలేదన్నాడు, ఒక వారం గాలి పడమటిదన్నాడు, మరో వారం మోకు నానబెట్టి ఆరబెట్టాలన్నాడు. యాదగిరి మామకు ఇదంతా చూస్తుంటే గౌరవం పెరిగిపోయేది. నీళ్లల్ల పుట్టినోళ్లు గిట్లనే ఉంటరు, మనలెక్క ఉరుకులాడరు అని అత్తకు చెప్పేవాడు.

అసలు సంగతి నాకు ఆగస్టులో తెలిసింది. నాకు పదేళ్లు. నిబంధన ప్రకారం నన్ను క్యాంపస్ ఈతకొలనులో చేర్పిస్తే, రెండు నెలల్లో ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోవడం వచ్చింది. నాన్న రోజూ తువ్వాలు పట్టుకుని గట్టున కూర్చునేవాడు, మాస్టారు మీరూ దిగండి సార్ అంటే చెవిపోటు అనేవాడు. ఒక మధ్యాహ్నం బడి తొందరగా వదిలేశారు. అమ్మ అత్తతో కలిసి చీరల కొట్టుకు వెళ్లింది. వెనక గదిలో చప్పుడైతే తలుపు తోశాను. నాన్న బనీనుతో, పప్పులు ఆరబోసే బల్ల మీద బోర్లా పడుకుని, ముందు లైబ్రరీ పుస్తకం తెరిచి పెట్టుకుని, చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాడు. పుస్తకంలో బొమ్మ చూస్తాడు, గాలి పీలుస్తాడు, నాలుగు బారలు వేస్తాడు, మళ్లీ బొమ్మ చూస్తాడు. బల్ల కిర్రుమంటోంది.

నన్ను చూసి అలాగే ఆగిపోయాడు. తర్వాత లేచి, చొక్కా వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన జాతకంలో జలగండం ఉందట. అందుకని వాళ్లమ్మ ఆయన్ని ఏనాడూ ఏట్లో చీలమండ దాటి దిగనివ్వలేదు. తోటి పిల్లలు గోదాట్లో మునకలేస్తుంటే ఆయన్ని రావి చెట్టుకింద కూర్చోబెట్టి చెంబుతో పోసేదట. మాకు చెప్పిన కథలన్నీ గట్టు మీద నుంచి చూసినవే.

“మరి ఒకటో రూలు నువ్వే రాశావుగా నాన్నా?” అన్నాను.

“రాసేటప్పుడు చెప్పేద్దామనే అనుకున్నానే అమ్మలూ. మీరంతా నా మొహంలోకే చూస్తున్నారు” అన్నాడు. తర్వాత, అమ్మకి చెప్పకే అన్నాడు.

చెప్పనని ఒట్టేశాను. ఒట్టేశాక ఆ రాత్రి నుంచీ నాకు తిండి సయించలేదు. చెబితే నాన్న పరువు పోతుంది, అరుగు మీద ఆ గోదావరి మళ్లీ పారదు. చెప్పకపోతే నాన్నే పోతాడు. పదేళ్లదాన్ని, ఇంతకంటే పెద్ద చిక్కు నాకు ఈనాటికీ రాలేదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాను. నాన్న మునిగితే నేనే తీస్తాను. కొలనులో అందరికంటే ముందు దిగి చివర ఎక్కడం మొదలుపెట్టాను. మునిగేవాణ్ని ఎలా తీస్తారు మామా అని యాదగిరి మామను ఏమీ ఎరగనట్టు అడిగాను. ఆయన చేస్తున్న పని ఆపి శ్రద్ధగా చెప్పాడు. ముందటికెళ్లి పోవద్దు బిడ్డా, మెడ పట్టుకుంటడు, ఇద్దరూ పోతరు. ఎనకకెళ్లి పోయి జుట్టు దొరకబట్టి గుంజాలె. మా నాన్నది పూర్తి బట్టతల.

ఆ తర్వాత నెల్లాళ్లు నేను నాన్న తలకాయను ఎక్కడ పట్టుకోవాలా అని చూస్తూనే గడిపాను. అన్నం తింటుంటే చూసేదాన్ని, పేపరు చదువుతుంటే చూసేదాన్ని. చెవులు పెద్దవే కాబట్టి చెవులు పట్టుకుందామని తీర్మానించాను.

వాయిదాలు వేసీ వేసీ నాన్నకు దసరా నాడు దారులన్నీ మూసుకుపోయాయి. విజయదశమి కన్నా మంచిరోజు ఎక్కడుందండీ అని అమ్మే అంది. అంతకు ముందే సద్దుల బతుకమ్మ నాడు క్యాంపస్ ఆడవాళ్లంతా ఆ కుంటలోనే బతుకమ్మల్ని సాగనంపారు, అత్త తాంబాలంలో మోకాలెత్తు పేర్చిన తంగేడు, గునుగు పూలు ఇంకా నీళ్ల మీద తేలుతూనే ఉన్నాయి. దసరా పొద్దున ఊరంతా బళ్లు కడిగి బొట్లు పెడుతుంటే మేం పడవ కడిగాం. లోపల కడిగిన నీళ్లు పోవడానికి అడుగున బొటనవేలు పట్టేంత కంత ఒకటుంటుంది, దానికో రబ్బరు బిరడా. ఆ బిరడా తీసి, నీళ్లు పోయాక, ఆరడానికి పడవను బోర్లించాం. ఇక పూజ అత్త చేతికొచ్చింది. పడవకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, బంతిపూల దండ కట్టింది. నిమ్మకాయలు తొక్కించడానికి చక్రాలు లేవే అని కాసేపు తర్జనభర్జన జరిగి, చివరికి మామ వాటిని తన కాలితోనే తొక్కాడు. బిరడాను భద్రమైన చోట ఉంచవలెనని తొమ్మిదో నిబంధన. అత్త దాన్ని కడిగి, బొట్టు పెట్టి, వాళ్లింట్లో దేవుడి అరలో లక్ష్మీదేవి పటం వెనక భద్రంగా పెట్టింది. కంత బోసిగా కనబడుతుంటే మనసొప్పక, దానికింత పసుపు ముద్ద మెత్తి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది.

మధ్యాహ్నం కుంట గట్టున నాన్న జాబితా చదివాడు. తెడ్లు, ఉన్నయి. మోకు, ఉన్నది. నీళ్లు తోడే నూనె డబ్బా, ఉన్నది. బిరడా అంటే మామ బోర్లించి ఉన్న పడవ అడుగు మీదికి వంగి చూశాడు. గుండ్రంగా, పచ్చగా, నడుమ ఎర్రబొట్టుతో కనబడింది. ఉన్నది సారూ అన్నాడు.

గట్టున అమ్మా అత్తా పులిహోర గిన్నె, సత్తుపిండి డబ్బాలు పెట్టుకుని కూర్చున్నారు. కుంట దగ్గర కాపలా ఉండే అతనికి పులిహోర పొట్లం ఒకటి ముందే ముట్టింది. గులాబీల జాకెట్లతో మేం ముగ్గురం ఎక్కాం. మామ తెడ్డేస్తుంటే పడవ తంగేడు పూలను పక్కకు తోసుకుంటూ కదిలింది. నాన్న నడిమధ్యన కిందికి కూర్చుని రెండు అంచులూ పట్టుకున్నాడు. నేను ఆయన వెనకే, రెండు చెవులూ అందేంత దూరంలో కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది, ఎండ మెత్తగా ఉంది, నాన్న మొహంలో నెమ్మదిగా నవ్వులాంటిది వస్తోంది. ఇంతేనా, ఇంత బాగుంటుందా అన్నట్టు చూస్తున్నాడు. నడి కుంటకు వచ్చేసరికి నా పాదాలు తడిశాయి. కిందికి చూస్తే పసుపు కలిసిన పచ్చటి నీళ్లు.

కంత వెనక బల్ల కింద ఉంది. బల్లను మామ కొత్త మరలతో బిగించాడు, చెయ్యి దూరదు. నాన్న డబ్బాతో తోడుతున్నాడు, నీళ్లు తగ్గడంలేదు. పడవ అంచు నీటికి బెత్తెడు ఎత్తులోకి దిగింది. యాదగిరి మామ మోకు నడుముకు కట్టుకుని, ఒక కాలు అంచు మీద వేశాడు. ఆయనకు కంగారేమీ లేదు, గోదావరి మనిషి పక్కనే ఉన్నాడుగా.

“సారూ, బిడ్డను పట్టుకొని మీరు ఒడ్డుకు ఈదుండ్రి. బరువు తగ్గితే పడవను నేను గుంజుకొస్త” అన్నాడు.

ఏదో ఒకటి చెప్పాలి, నాకు నేనే ఈదుతానని అనాలి అనుకుంటున్నాను. ఈలోగా నాన్న డబ్బా పక్కన పెట్టాడు.

“యాదగిరీ, నాకు ఈత రాదు” అన్నాడు. గట్టుకు వినపడేంత గట్టిగానే అన్నాడు. “అమ్మలుని నువ్వు తీసుకెళ్లు. నేనిక్కడ కూర్చుంటాను.”

మామ ఒక్క క్షణం ఆయన్ని చూశాడు. నవ్వుతాడేమోనని నాకు భయమేసింది. నవ్వలేదు.

“ఎవల్ని ఇడిసిపెట్టేది లేదు. కదలకుండ్రి సారూ, నేనున్న” అని నీళ్లలోకి దూకాడు.

ఆ బావి నీళ్ల మనిషి ఈత అప్పుడు చూడాలి. నడుముకు మోకుతో, నిండుతున్న పడవను లాక్కుంటూ, నీళ్లు చప్పుడవకుండా కోసుకుపోయాడు. నేనూ దిగి వెనక అంచు పట్టుకుని కాళ్లు కొట్టాను. రెండు బరువులు తగ్గేసరికి పడవ కాస్త లేచింది. మా నాన్న ఒక్కడే నడిమధ్యన, తాను రాసిన నిబంధన ప్రకారం నిలబడకుండా, ఊపిరి బిగబట్టి నీళ్లు తోడుతూ, సందు దొరికినప్పుడల్లా మూడేసిసార్లు ఈల ఊదుతూ గట్టుకు వచ్చాడు. పడవ బురదకు తగిలాక అంచుదాకా నిండి, అక్కడే కూలబడింది.

గట్టెక్కాక నాన్న అమ్మ వైపు చూడలేకపోయాడు. అమ్మ ఆయన జాకెట్టు తాళ్లు విప్పుతూ, మీ జాతకం పెళ్లిచూపులనాడే మా నాన్న చదివి వినిపించారండీ, అందుకే మీకు రెండు వరసలు కుట్టాను అంది. బాలమణి అత్త అప్పటికి లెక్క తేల్చుకుంది. బిరడా దేవుని కాడ ఉన్నది అని చాలా చిన్న గొంతుతో చెప్పింది. మొదట నాన్నే నవ్వాడు, తర్వాత అందరం పొట్టలు పట్టుకున్నాం. ఆ పూట తిన్న పులిహోరంత రుచైన పులిహోర నేను మళ్లీ తినలేదు. గదొక్క ముక్క మొదలే చెప్తే ఎండకాలమంతా బాయికి తోలుకపోదును గద సారూ అన్నాడు మామ, చేయి నాక్కుంటూ. నువ్వలా చూస్తుంటే ఎలా చెప్పనోయ్ అన్నాడు నాన్న.

ఇంటికి వెళ్లగానే నాన్న ఫైలు తీసి, ఒకటో నిబంధన కింద ఎర్ర సిరాతో తన పూర్తి పేరు రాసి, ఇతనికి ఈత రాదు అని చేర్చి, సంతకం పెట్టాడు. ఆ తర్వాత మూడేళ్లు, వానాకాలం వెళ్లాక ప్రతి ఆదివారం మేం రాళ్ల కుంటలో పడవెక్కాం. మామ నాన్నకు ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టి ఈత నేర్పాలని చాలా పాట్లు పడ్డాడు. నాన్న మోకాలి లోతు దాటలేదు. అరుగు మీద గోదావరి మాత్రం ఆగిపోతుందని నేను అనవసరంగా బెంగపడ్డాను. అది ఇంకా బాగా పారింది. ఇప్పుడు కథల్లో చెంబు కూడా వచ్చేది, వాళ్లమ్మ కేకలు కూడా వచ్చేవి.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు. రాళ్ల కుంటను పూడ్చి నాలుగంతస్తుల హాస్టలు కట్టారు. గుల్‌మొహర్ చెట్టు రోడ్డు వెడల్పులో పోయింది, పడవ ఎటు పోయిందో ఎవరికీ గుర్తులేదు. మేం తార్నాకలోనే ఫ్లాటులో ఉంటున్నాం, అమ్మా నాన్నా నాతోనే. యాదగిరి మామ రిటైరయ్యాక బౌద్ధనగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. రోజూ రాత్రి భోజనాలయ్యాక నాన్న ఆయనకు ఫోన్ చేసి ఆనాటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మామ పోయి ఈ వానాకాలానికి రెండేళ్లు.

పోయిన నెల మా అమ్మాయి బడివాళ్లు పిల్లల్ని చెరువు మీద పడవ షికారుకు తీసుకెళ్తామని కాగితం పంపారు. ఈత వచ్చా అన్నచోట అది వచ్చు అని టిక్కు పెట్టింది. దానికి బకెట్లో నీళ్లు తప్ప తెలియవు. ఇదేమిటే అంటే, అందరూ అదే పెట్టారు మమ్మీ, రాదంటే బోట్ ఎక్కనివ్వరు అంది. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. నమ్మలేదు. పేపరు చదువుకుంటున్న వాళ్ల తాతయ్య దగ్గరికి వెళ్లి, తాతయ్యా నీకు స్విమ్మింగ్ వచ్చా అని అడిగింది. రాదమ్మా అన్నాడాయన, కాఫీలో పంచదార వద్దన్నంత తేలిగ్గా. అది వెనక్కి వచ్చి, వచ్చు దగ్గరి టిక్కు చెరిపేసి రాదు దగ్గర పెట్టింది.

షికారు నుంచి వచ్చి నాతో మాట్లాడలేదు. ఎక్కనివ్వలేదని తెలుస్తూనే ఉంది. రాత్రి భోజనాల దగ్గర పళ్లెంలోకి చూస్తూ చెప్పింది. గట్టు మీద టీచరు ఇంకోసారి అడిగిందట, ఈత రానివాళ్లెవరో లేవండి అని. ఇది ఒక్కతే లేచిందట. కాసేపటికి వెనక నుంచి ఇంకో ముగ్గురు లేచారట. వాళ్లంతా కాగితాల్లో వచ్చని పెట్టినవాళ్లే.

“ముగ్గురా?” అన్నాడు నాన్న.

“ముగ్గురు తాతయ్యా. నన్ను చూసే లేచారు.”

నాన్న అన్నం సగంలో వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, హాల్లోకి వెళ్లి ఫోన్ తీశాడు. పేరు కోసం వేలితో కిందికి జరుపుతూ, యాదగిరి అన్నచోటికి వచ్చాక ఆగాడు. కొంచెంసేపు దాన్నే చూసి, ఫోన్ బల్ల మీద పెట్టి, మళ్లీ వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.